"అమ్మకేటయింది?" అని పిల్లలు అడిగితే: డిప్రెషన్ గురించి చిన్నపిల్లలకు చెప్పే పద్ధతి

రథయాత్ర రోజు మా చెల్లి కొడుకు బూర కోసం మారాం చేశాడు. ఒడిశాలోని మా పర్లాకిమిడి బజారులో, అంత జనం మధ్య, నేల మీద చతికిలబడిపోయాడు. వాళ్ళమ్మ తిట్టలేదు, కొట్టలేదు, బూరా కొనలేదు. చెయ్యి పట్టుకుని మాట్లాడకుండా ఇంటికి తీసుకొచ్చేసింది. మర్నాడు మంచం దిగలేదు. ఆ తర్వాత చాలా రోజులు, పొద్దెక్కినా మంచం దిగలేదు.

అప్పటికే నెల రోజుల నుంచీ చెల్లికి నిద్ర పట్టడం లేదనీ, అన్నం సయించడం లేదనీ, పొయ్యి ముందు నిలబడి ఊరికే ఏడుస్తోందనీ మాకు తర్వాత తెలిసింది. మరిది సూరత్‌లో మగ్గాల పనిలో ఉన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లనీ ఐదేళ్ళ పిల్లాణ్ణీ నేనే చూసుకున్నాను. వేళకు తిండి పెట్టాను, బడికి పంపాను. అమ్మ గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చిన్నపిల్లలు, వాళ్ళకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

దసరా వెళ్ళిన వారానికి ఒకరోజు వాడికి నీళ్ళు పోస్తున్నాను. తలకు సబ్బు రాస్తుంటే కళ్ళు గట్టిగా మూసుకుని, "పెద్దమ్మా, నాకు బూర వద్దని అమ్మతో చెప్పవా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "ఏ బూర్రా?" అన్నాను.

"రథం దగ్గర బూర. నాకొద్దు. అమ్మని లెగమను."

మూడు నెలలకు పైగా ఆ పసివాడు ఆ బరువు మోశాడు. నేను రోజూ వాడికి అన్నం కలిపి పెడుతూనే ఉన్నాను, పక్కన పడుకోబెట్టుకుంటూనే ఉన్నాను, నాకు తెలియలేదు.

మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా పిల్లల ఆలోచన ఇలాగే నడుస్తుంది. తాము పాట పాడితేనే వాన వచ్చిందనుకునే వయసది. ఇంట్లో మంచి జరిగినా చెడు జరిగినా తమ వల్లే అనుకుంటారు. మనం కారణం చెప్పకపోతే తామే ఒకటి వెతుక్కుంటారు, వెతుక్కున్నది ఎప్పుడూ తమ తప్పే అవుతుంది. ఆ రోజు తర్వాత నేను డాక్టర్లను అడిగి, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నది మీకు వరసగా చెబుతాను. మీ ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్ ఉండి, పిల్లలు మౌనంగా తిరుగుతూ ఉంటే, ఇవాళే మొదలుపెట్టండి.

ముందు పెద్దవాళ్ళు తెలుసుకోండి

మీకే అర్థం కానిది పిల్లలకు చెప్పలేరు. ఒకటి రెండు రోజులు మనసు బాగోకపోవడం అందరికీ ఉంటుంది. రోజులో ఎక్కువ భాగం దిగులుగానో, దేని మీదా ఆసక్తి లేకుండానో కనీసం రెండు వారాలు గడిచి, దాంతోపాటు నిద్ర, ఆకలి, ఒంట్లో సత్తువ దెబ్బతిని, చేసే పనులు ఆగిపోతుంటే అది జబ్బు. బద్ధకం కాదు, నాటకం కాదు, పెంపకంలో లోపమూ కాదు. వైద్యం ఉంది.

గంజాం వైపు ఉన్నవాళ్ళకు బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. కొరాపుట్‌లోనూ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. మా గజపతి జిల్లా, రాయగడ, గుణుపురం తెలుగువాళ్ళు చాలామంది భాష కలుస్తుందని శ్రీకాకుళానికో విశాఖకో వెళ్తారు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్, మనసు బాధలకు ఫోన్‌లో సాయం చేసే సేవ. డబ్బులు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు.

తర్వాత జబ్బుగా ఉన్న మనిషిని అడగండి. పిల్లలకు ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో ముందు ఆమెతో, లేదా అతనితో, మాట్లాడుకోవాలి. వెనక చేరి గుసగుసగా చెప్పేస్తే, జబ్బు మనిషికి తన ఇంట్లో తానే పరాయిదాన్నయ్యానన్న బాధ ఒకటి అదనం. అమ్మే చెప్పగలిగితే అంతకన్నా మంచిది లేదు. మా చెల్లి మాట్లాడలేకపోయింది. నేను చెబుతుంటే వాడి పాదం చేతిలో పట్టుకుని కూర్చుంది. అదే చాలింది వాడికి.

ఇంట్లో తాత, నాయనమ్మ, పిన్ని, ఫోన్‌లో నాన్న, అందరూ ఒకే మాట చెప్పేలా చూసుకోండి. ఒకరు జ్వరం అని, ఒకరు అలసట అని, ఇంకొకరు "ఏదో గాలి సోకిందిలే" అని అన్నారనుకోండి, పిల్లలు మూడూ వింటారు, ఏదీ నమ్మరు.

గాలి, దిష్టి గురించి ఒక మాట చెప్పాలి. మా అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తానంటే నేను అడ్డు చెప్పలేదు. ఆవిడ మనసుకు ఊరట, ఎవరికీ నష్టం లేదు. కానీ రెండు విషయాల్లో గట్టిగా నిలబడ్డాను. మందులు మానకూడదు. పిల్లల ముందు "దాన్ని ఏదో పట్టుకుంది" అనకూడదు. ఆ మాట విన్న పిల్లాడు రాత్రి అమ్మ పక్కన పడుకోడు. అమ్మ కళ్ళల్లోకి చూడడానికి భయపడతాడు. అమ్మకూ బిడ్డకూ మధ్య అంత దూరం పెట్టే మాట మరొకటి లేదు.

చెప్పే ముందు వినండి

పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి "నీతో ఒక విషయం మాట్లాడాలి" అని మొదలుపెట్టకండి. బిగుసుకుపోతారు. చేతిలో ఏదైనా పని ఉన్నప్పుడు మాట్లాడండి. చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు, జడ వేస్తున్నప్పుడు, సైకిలు మీద బడి నుంచి తెస్తున్నప్పుడు. ముఖం ముఖం చూసుకోనక్కర్లేని వేళ పిల్లలు ఎక్కువ చెబుతారు. నిద్రపోయే ముందు మాత్రం వద్దు, ఆ మాటలు కలలోకి వస్తాయి.

"అమ్మ ఈమధ్య ఎక్కువసేపు పడుకుంటోంది కదా. ఎందుకనుకుంటున్నావు?" అని అడగండి. అడిగి ఊరుకోండి. మనకు ఊరుకోవడమే కష్టం, వెంటనే జవాబు కూడా మనమే ఇచ్చేస్తాం.

చిన్నోడు బూర మాట వాడంతట వాడే బయటపెట్టాడు. పెద్దదాన్ని నేను అడిగాను, జడ వేస్తూ. రెండు జడలూ అయిపోయాయి, రిబ్బన్లు కట్టేశాను, మాట్లాడలేదు. లేచి వెళ్ళబోతూ, "మా క్లాసులో పాగళి అన్నారు" అంది. ఒడియాలో పాగళి అంటే పిచ్చిది. అమ్మ గురించి ఎవరో పెద్దవాళ్ళు ఇంట్లో అన్న మాటను పిల్లలు బడికి మోసుకొచ్చారు. ఆ పిల్ల దాన్ని ఇంటికి తేకుండా తనలోనే దాచుకుంది.

అందుకే ముందు వినాలి. ఇద్దరి భయాలూ వేరు. వాడిది "నా వల్లే". దానిది "అమ్మ పిచ్చిదయిందా". ఇద్దరికీ ఒకే పాఠం చెప్పి ఉంటే ఎవరికీ తగిలేది కాదు.

ఏ మాటలతో చెప్పాలి

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. చదువు వాడుక మాటల్లో ఉండాలని జీవితమంతా పోరాడిన మనిషి. పిల్లలకు జబ్బు గురించి చెప్పేటప్పుడూ అదే దారి. "మానసిక కుంగుబాటు" అంటే ఐదేళ్ళవాడికి ఏమీ తెలియదు. మేం దానికి "దిగులు జబ్బు" అని పేరు పెట్టుకున్నాం. డాక్టరు దగ్గర "డిప్రెషన్" అన్న మాట వింటారు కనుక అదీ చెప్పాం. పేరు ఉండాలి. పేరు లేని దానికే పిల్లలు ఎక్కువ భయపడతారు.

ఇక్కడొక చిక్కు ఉంది, ముందే చెబుతున్నాను. దిగులు అందరికీ వస్తుంది. నాన్న సూరత్ రైలెక్కితే పిల్లాడికీ దిగులే. "అయితే నాకూ జబ్బా?" అని అడుగుతాడు. మావాడు అడిగాడు. అప్పుడిలా చెప్పాను: "నీకు నాన్న మీద దిగులొస్తే కాసేపు ఏడుస్తావు, మళ్ళీ ఆడుకుంటావు. దిగులు జబ్బు వస్తే ఆడుకోవాలనిపించదు, తినాలనిపించదు, ఎన్నాళ్ళయినా పోదు. దానికి డాక్టరు కావాలి." బడిలో నేర్చుకున్న ఒడియా మాట వాడే అందించాడు, "మన దుఃఖ లాంటిది కాదన్నమాట" అని. మన పిల్లలకు రెండు భాషలుంటాయి. ఏ భాషలో మాట దొరికితే ఆ భాషలో అర్థం చేసుకోనివ్వండి.

ఐదారేళ్ళ లోపు పిల్లలకు నాలుగు వాక్యాలు చాలు:

"అమ్మకు దిగులు జబ్బు వచ్చింది. అందుకే అలసిపోయి పడుకుంటోంది, ఒక్కోసారి ఏడుస్తోంది. నువ్వేదో చేసినందుకో, చేయనందుకో అది రాలేదు, నీ తప్పు కానే కాదు. డాక్టరుగారు మందులిస్తున్నారు, నిన్ను నేను చూసుకుంటాను."

ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఇంకాస్త చెప్పొచ్చు. ఆలోచనా నిద్రా ఆకలీ అన్నీ మెదడే నడుపుతుందనీ, ఈ జబ్బులో ఆ పని సరిగ్గా సాగదనీ, అందుకే అమ్మకు ప్రేమ ఉన్నా అది ముఖం మీదకు రాదనీ. ఈ చివరి మాట తప్పకుండా చెప్పండి. నవ్వని ముఖం చూసి పిల్లలు "అమ్మకు నేనంటే ఇష్టం లేదు" అనుకుంటారు. పెద్దదానికి నేను పిచ్చి మాట గురించి కూడా చెప్పాను: "అది జబ్బు పేరు కాదు, తెలియనివాళ్ళు అనే తిట్టు. అమ్మ జబ్బు పేరు డిప్రెషన్."

జ్వరంతో పోల్చి చెప్పమని చాలామంది అంటారు. నేనూ అలాగే చెప్పాను, చెప్పి ఇబ్బంది పడ్డాను. జ్వరం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని పిల్లలకు బడిలో నేర్పారు కదా. మర్నాటి నుంచి వాడు అమ్మ గ్లాసులో నీళ్ళు తాగలేదు. పోలిక తెచ్చినా పరవాలేదు, కానీ వెంటనే "ఇది అంటుకోదు. అమ్మ ఒళ్ళో పడుకోవచ్చు, అమ్మ కంచంలో తినొచ్చు, అమ్మకు ముద్దు పెట్టొచ్చు" అని చెప్పండి. చెప్పి, అప్పుడే అమ్మ కంచంలోంచి ఒక ముద్ద తినిపించండి.

ఒక్కసారి చెప్పి వదిలేస్తే సరిపోదు. "నీ వల్ల రాలేదు" అన్న మాట నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పిల్లలు అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వేస్తే మీరు చెప్పింది అర్థం కాలేదని కాదు. జవాబు నిన్నటిలాగే ఉందో లేదో చూసుకుంటున్నారు.

మన నోట అలవాటుగా వచ్చే మాటలు

వీటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో రోజుకు పదిసార్లు దొర్లే మాటలివే.

"అల్లరి చేయకు, అమ్మకు ఎక్కువవుతుంది." ఇది వద్దు. జబ్బు తాళంచెవి పిల్లాడి చేతిలో పెట్టినట్టే. నిశ్శబ్దం కావాలంటే నేరుగా అడగండి: "అమ్మ పడుకుంది, ఆట వీధిలో ఆడుకుందాం రా."

"నువ్వే పెద్దదానివి, అమ్మను నువ్వే చూసుకోవాలి." ఆడపిల్లలకు ఈ మాట ఎంత తేలిగ్గా అనేస్తామో. మా పెద్దది ఒక రాత్రి అలమర దగ్గర చీకట్లో నిలబడి ఉంటే చూశాను. ట్యాబ్లెట్ల షీటు పట్టుకుని, వేలితో తడుముతూ ఖాళీ గుంతలు లెక్కపెడుతోంది, అమ్మ ఇవాళ వేసుకుందా లేదా అని. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే చెప్పలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల. ఆ షీటు తీసుకుని, "ఈ లెక్క ఇకనుంచి నాది. నీది ఎక్కాల లెక్క ఒక్కటే" అన్నాను. అప్పుడు ఏడ్చింది, అన్ని నెలల్లో మొదటిసారి. సాయం చేయనివ్వొచ్చు, మంచినీళ్ళు అందించడం, పక్క సర్దడం లాంటివి. కాపలా మాత్రం పిల్లల పని కాదు. అమ్మ ఇవాళ ఎలా ఉందో రోజూ గుర్తు పెట్టి చార్టు రాయించమని కొందరు చెబుతారు. నేను దానికి ఒప్పుకోను. ఆ చార్టు రాసే పిల్ల రోజంతా అమ్మ ముఖమే చూస్తూ ఉంటుంది.

"అమ్మ ఊరెళ్ళింది." అబద్ధం చెప్పకండి. ఎదురింటి పిల్లలు నిజం చెప్పేస్తారు, ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మరు.

"మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా." ఏడవనివ్వండి.

రోజు గడిచే తీరు

పిల్లలకు మాటల కన్నా రోజు గడిచే తీరే ఎక్కువ ధైర్యం ఇస్తుంది. పొద్దున్నే చోడి (రాగి) అంబలి ఎవరు ఇస్తారు, జడ ఎవరు వేస్తారు, బడి గేటు దగ్గర ఎవరు నిలబడతారు, రాత్రి ఎవరి పక్కన పడుకోవాలి. ఈ నాలుగింటికి ఖాయమైన జవాబు ఉంటే చాలు, మిగతావి అటూ ఇటూ అయినా తట్టుకుంటారు. ఎవరైనా మారాల్సి వస్తే ముందు రోజే చెప్పండి. మా గోడ మీద ఒడియా క్యాలెండరూ తెలుగు క్యాలెండరూ రెండూ ఉంటాయి. తెలుగు దాంట్లో పిల్లలవే రాశాం: బడి సెలవు, నాన్న ఫోన్ చేసే ఆదివారం, నేను వాళ్ళను పాతపట్నం సంతకు తీసుకెళ్ళే రోజు.

జబ్బుగా ఉన్న అమ్మానాన్నలు చదువుతుంటే మీకొక మాట. లేచి వంట చేయలేనందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. రోజుకు పది నిమిషాలు చాలు. పడుకునే ఉండండి, బిడ్డను పక్కన పడుకోబెట్టుకోండి. బొమ్మ గీస్తే చూడండి, పొడుపు కథ వేస్తే వినండి. నవ్వు రాకపోతే "నవ్వు రావట్లేదురా, కానీ నువ్వు పక్కనుంటే బాగుంది" అనండి. నటించనక్కర్లేదు.

చిరాకు కూడా ఈ జబ్బులో భాగమే. అరిచేస్తారు. అరిచాక, కాస్త తేరుకున్నాక, పిల్లల దగ్గరికి వెళ్ళి చెప్పాలి: "ఇందాక అరిచాను. తప్పు నాది. నీ మీద కోపం కాదు." చెల్లి మొదటిసారి అలా చెప్పిన రోజు వాడు "సరేలే" అని ఆటకు పోయాడు. పిల్లలు తొందరగా క్షమిస్తారు, చెబితే. కొట్టడం వరకు వస్తుంటే మాత్రం దాన్ని జబ్బు ఖాతాలో వేయకండి. ఆ సమయంలో పిల్లల్ని ఇంకొకరి దగ్గర ఉంచి డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.

మందులు, ఆసుపత్రి

మందు మొదలుపెట్టిన మర్నాడే అమ్మ లేచి నవ్వుతుందని పిల్లలు కాచుకుని కూర్చుంటారు. ఈ మందులు పనిచేయడం మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి గుణం కనిపించడానికి ఇంకా ఎక్కువ. ముందే చెప్పండి: "చోడి విత్తనం చల్లిన మర్నాడే కంకి వస్తుందా? ఇదీ అంతే." తగ్గాక కూడా డాక్టర్లు కనీసం ఆరు నెలలు వాడమంటారు. బాగుందని సొంతంగా మానేయకూడదు. మందులు పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచండి.

ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఎక్కడో, ఎలా వెళ్తుందో చెప్పండి. గుణుపురం నుంచి వచ్చే విశాఖ రైలు పిల్లలకు తెలుసు. "అమ్మ ఆ రైల్లో విశాఖ వెళ్తోంది, అక్కడ డాక్టర్లు చూస్తారు, తాత తోడుంటాడు, రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది" అంటే వాళ్ళకొక దారి కనిపిస్తుంది. ఎన్ని రోజులో తెలియకపోతే "తెలియదు, తెలియగానే నీకే ముందు చెబుతాను" అనండి. వెళ్ళేటప్పుడు నిద్రలో వదిలి వెళ్ళొద్దు, ఏడ్చినా సరే చెప్పే వెళ్ళాలి. చంటిబిడ్డ ఉన్న తల్లులకు ఒక సంగతి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆసుపత్రిలో ఉన్న తల్లి నుంచి మూడేళ్ళ లోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదు. బిడ్డకు ప్రమాదం ఉందని డాక్టరు అనుకుంటే తప్ప. అడిగే హక్కు మీకుంది.

కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌లో పై పిల్లలు "పాపాయి వచ్చాకే అమ్మ ఇలా అయింది" అని చంటిదాని మీద కోపం పెంచుకుంటారు. పాపాయి వల్ల కూడా రాలేదని వాళ్ళకు విడిగా చెప్పాలి.

జబ్బు నాన్నకైతే అది చాలాసార్లు కోపంగానో, తాగుడుగానో, ఫోన్ ఎత్తకపోవడంగానో కనిపిస్తుంది. ఊరు వదిలి సూరత్‌లో, చెన్నైలో ఉన్నవాళ్ళయితే పిల్లలకు ఖాళీ స్క్రీనే మిగులుతుంది. "నాన్న మర్చిపోయాడు" అనుకోకముందే చెప్పండి, అవే నాలుగు వాక్యాలు.

గుండె ఆగిపోయే ప్రశ్నలు

"అమ్మ చచ్చిపోతుందా?" ఈ ప్రశ్న వస్తుంది. నోరు మూయించకండి. "ఎందుకలా అనిపించింది?" అని అడగండి, ఏదైనా విన్నారేమో తెలుస్తుంది. తర్వాత: "ఈ జబ్బుకు మందులున్నాయి. డాక్టరు చూస్తున్నారు. పెద్దవాళ్ళమందరం అమ్మను కనిపెట్టుకుని ఉన్నాం." పిల్లలు ఒట్టు పెట్టమంటారు. ఫలానా రోజుకు తగ్గిపోతుందని ఒట్టు పెట్టకండి. నిన్ను ఒంటరిగా వదలనని పెట్టండి.

జబ్బు మనిషి నోట "నేను లేకపోతే మీరంతా బాగుంటారు" లాంటి మాట వస్తే, అది పిల్లలు విన్నా వినకపోయినా, తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. పురుగుమందులూ మాత్రలూ ఇంట్లోంచి తీసేయండి. నేరుగా అడగండి, అడిగితే ఆలోచన పెరగదు. 14416కు చేయండి, అత్యవసరమైతే 108. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయకండి. ఆ 2017 చట్టమే, అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ శిక్షించకూడదనీ చెబుతోంది. పిల్లలకు ఒక ఇల్లు చూపించి ఉంచండి: "భయమేస్తే, అమ్మ పలకకపోతే, పరుగెత్తి ఆ ఇంటికి వెళ్ళు. ఎప్పుడైనా వెళ్ళొచ్చు." మా పిల్లలకు ఆ ఇల్లు వీధి చివర ఉన్న ఒడియా మౌసిది, అంటే పిన్నిది. ఆమెకు ముందే చెప్పి పెట్టాను.

"నాకూ వస్తుందా?" పెద్ద పిల్లలు అడుగుతారు. "అమ్మకు వచ్చిందని నీకు రావాలని లేదు. ఎప్పుడైనా మనసు బాగోకపోతే నాకు చెప్పు, మనం తొందరగా డాక్టరుకు చూపిద్దాం" అంటే నిజమూ చెప్పినట్టు, దారీ చూపినట్టు.

బడిలో, వీధిలో

బడిలో ఒక్క టీచరుకు చెప్పండి, అందరికీ అక్కర్లేదు. ఇంట్లో ఇలా ఉంది, పిల్ల పరధ్యానంగా ఉంటే తిట్టకండి, ఎవరైనా వెక్కిరిస్తే ఆపండి అని. ఎవరైనా అడిగితే చెప్పడానికి పిల్లలకు ఒక వాక్యం నేర్పండి, రెండు భాషల్లోనూ. తెలుగులో "మా అమ్మకు బాగోలేదు, మందులు వేసుకుంటోంది." ఒడియాలో "మో బోఉ దేహ భల నాహిఁ, ఔషధ ఖాఉఛి." అంతకన్నా ఎక్కువ చెప్పనక్కర్లేదని కూడా చెప్పండి. ఇది దాచిపెట్టాల్సిన సిగ్గు కాదు, అలాగని అందరికీ విప్పి చెప్పాల్సిన పనీ లేదు. మా పెద్దది ఆ వాక్యాన్ని అద్దం ముందు నిలబడి అనుకుని మరీ బడికి వెళ్ళింది.

పిల్లలు మళ్ళీ పక్క తడపడం, కారణం లేని కడుపునొప్పి, బడికి పోనని మొండికేయడం, ఆట మానేయడం, ఇవి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే పిల్లల్నీ డాక్టరుకు చూపించాలి. 14416లో పిల్లల గురించి కూడా అడగొచ్చు. చూసుకునే పెద్దదిక్కే లేని పిల్లలు మీ వీధిలో ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కు చెప్పండి.

తగ్గాక కూడా

అమ్మ లేచి తిరుగుతోందంటే పెద్దవాళ్ళం హమ్మయ్య అనుకుని మాట్లాడటం మానేస్తాం. పిల్లలు అంత తొందరగా నమ్మరు. తిరగబెట్టొచ్చు కూడా, అది ముందే చెప్పి ఉంచాలి: "మళ్ళీ వస్తే మనకు తెలుసు కదా ఏం చేయాలో. డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేను మీ దగ్గరికి వచ్చేస్తాను."

చెల్లి ఇప్పుడు వంట చేస్తోంది, పిల్లల్ని బడికి తానే దింపుతోంది. అయినా వాడు పొద్దున్నే లేవగానే వాళ్ళమ్మ గది తలుపుకు చెవి ఆనించి నిలబడేవాడు. లోపల గాజుల చప్పుడు వినపడితేనే పళ్ళు తోముకోవడానికి వెళ్ళేవాడు. నేను చెల్లికి చెప్పాను. ఇప్పుడు తలుపు తీసే పడుకుంటోంది.